పరిశోధకులకు కోడ్ టెస్టింగ్ ఎలా నేర్పాలి: వర్క్‌షాపా, కోర్సా, ల్యాబ్‌లోనే క్లినిక్కా?

మీ విభాగంలో స్కాలర్లు పైథాన్‌లోనో, ఆర్‌లోనో, ఫోర్ట్రాన్‌లోనో కోడ్ రాస్తున్నారు. ఆ కోడ్ ఇచ్చిన అంకెలే పేపర్లలోకీ థీసిస్‌లలోకీ వెళ్తున్నాయి. వాళ్లకు టెస్టింగ్, అంటే కోడ్ సరైన జవాబే ఇస్తోందో లేదో చూసే చిన్న పరీక్షలు రాయడం, నేర్పే పని మీ మీద పడింది. రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టాలా, కోర్స్‌వర్క్‌లో ఒక పేపర్‌గా కలపాలా, ఆన్‌లైన్ పాఠాల లింకులు పంపాలా, ల్యాబ్‌లోనే కలిసి కూర్చుని ఒకరి కోడ్ ఒకరు చూసే క్లినిక్ నడపాలా, అనుభవం ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టాలా? ఈ ఎంపిక దగ్గర ఆగిపోయినవారి కోసమే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెప్తాను. ఎవరి కోడ్ మీద వాళ్లు టెస్టులు రాసుకునే పద్ధతి ఏదైనా, ఇతరుల ఉదాహరణల మీద నేర్చుకునే పద్ధతికన్నా మేలు. అది కుదరనప్పుడే మిగతావి. ఎందుకో వివరంగా చూద్దాం.

## సైంటిఫిక్ కోడ్‌లో తప్పు ఎలా ఉంటుంది

వెబ్‌సైట్‌లో బగ్ ఉంటే బటన్ పనిచేయదు, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. పరిశోధన కోడ్‌లో బగ్ ఉన్నా ప్రోగ్రామ్ చివరిదాకా నడుస్తుంది, చక్కటి గ్రాఫ్ కూడా వస్తుంది. అంకె ఒక్కటే తప్పు.

జెఫ్రీ చాంగ్ అమెరికాలో పేరున్న స్ట్రక్చరల్ బయాలజిస్టు. ఆయన ల్యాబ్‌లో డేటాను ప్రాసెస్ చేసే సొంత ప్రోగ్రామ్ ఒకటి రెండు కాలమ్‌లను తారుమారు చేసింది. దాంతో ప్రొటీన్ నిర్మాణాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చాయి. 2006లో స్విస్ పరిశోధకులు అలాంటి ప్రొటీన్ నిర్మాణాన్నే ప్రచురించాక తేడా బయటపడి, ఐదు పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

రెండోది కెమిస్ట్రీలో జరిగింది. ఎన్ఎంఆర్ (అణువుల నిర్మాణం తెలుసుకునే పద్ధతి) లెక్కల కోసం 2014లో విలోబీ, హోయ్ బృందం ప్రచురించిన పైథాన్ స్క్రిప్టులను చాలామంది వాడారు. ఫోల్డర్‌లోని ఫైళ్లు ఒక వరుసలోనే వస్తాయని ఆ స్క్రిప్టులు అనుకున్నాయి. ఆ వరుస ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి మారుతుంది. ఒకే డేటాకు విండోస్‌లో ఒక జవాబు, ఉబుంటులో మరో జవాబు వస్తున్నట్టు హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో కనిపెట్టారు.

ఈ రెండింటినీ గుర్తుంచుకోండి. ఏ పద్ధతిలో నేర్పినా, ఇలాంటి తప్పును పట్టుకునే ఆలోచన స్కాలర్‌కు వస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

## ఏ కొలతలతో పోల్చాలి

నేను ఐదు చూస్తాను. మొదటి రెండూ మిగతావాటికన్నా బరువైనవి.

సొంత కోడ్ తాకుతారా? పాఠంలో ఇచ్చిన బ్యాంక్ అకౌంట్ ఉదాహరణ కోడ్ మీద టెస్ట్ రాసిన స్కాలర్ తిరిగొచ్చి తన ఎనిమిది వందల లైన్ల స్క్రిప్ట్ ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఆ స్క్రిప్ట్‌లో ఫంక్షన్లే ఉండకపోవచ్చు.

సరైన జవాబు తెలియనప్పుడు ఏం చేయాలో నేర్పుతారా? సరైన జవాబు ముందే తెలిస్తే పరిశోధన అవసరమే లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పరిశోధకురాలు ఎలైన్ వేయుకర్ ఈ సమస్యను 1982లోనే చర్చించారు. మామూలు టెస్టింగ్ పుస్తకాలు దీన్ని దాదాపుగా పట్టించుకోవు, మన స్కాలర్లకు మాత్రం రోజూ ఎదురయ్యేది ఇదే.

మిగతా మూడూ మీకు తెలిసినవే: ఎంత సమయం పడుతుంది, నేర్పేవాళ్లు దొరుకుతారా, మూడు నెలల తర్వాత ఆ అలవాటు మిగులుతుందా.

## ఐదు దారులు, ఒక పట్టికలో

| పద్ధతి | సొంత కోడ్ | జవాబు తెలియని సమస్య | సమయం | నేర్పేవాళ్లు | మూడు నెలల తర్వాత |
|---|---|---|---|---|---|
| రెండు రోజుల వర్క్‌షాప్ | అరుదు | పైపైన | తక్కువ | దొరుకుతారు | చాలావరకు మర్చిపోతారు |
| సెమిస్టర్ కోర్సు | ప్రాజెక్ట్ పెడితేనే | సిలబస్‌ను బట్టి | ఎక్కువ | కష్టం | కొంత మిగులుతుంది |
| ఆన్‌లైన్‌లో సొంతంగా | వాళ్ల ఇష్టం | పాఠాన్ని బట్టి | వాళ్ల ఇష్టం | అక్కర్లేదు | పట్టుదల ఉన్నవాళ్లకే |
| ల్యాబ్ క్లినిక్ | తప్పకుండా | బాగా | వారం విడిచి వారం రెండు గంటలు | ఒక సీనియర్ చాలు | బాగా మిగులుతుంది |
| పక్కన నిపుణుడు | తప్పకుండా | నిపుణుణ్ని బట్టి | ఎక్కువ | చాలా అరుదు | బాగా మిగులుతుంది |

## రెండు రోజుల వర్క్‌షాప్

ఈ తరహాకు మూలం సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ. 1998లో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా దీన్ని మొదలుపెట్టారు. తర్వాత డేటా కార్పెంట్రీతో కలిసి 2018లో ద కార్పెంట్రీస్‌గా మారింది. పాఠాలన్నీ ఉచితం, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. ఎదుట కూర్చున్నవాళ్లతో పాటే టైప్ చేస్తూ నేర్పే పద్ధతి కొత్తవాళ్లకు ధైర్యం ఇస్తుంది.

కానీ మామూలు రెండు రోజుల కార్యక్రమంలో షెల్, గిట్, పైథాన్ లేదా ఆర్ చెప్పేసరికే సమయం అయిపోతుంది. పైథాన్ పాఠంలో టెస్టింగ్ దాదాపుగా అసర్ట్‌ల (షరతు తప్పితే ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపేసే లైన్ల) గురించిన ఒక భాగానికే పరిమితం. కాబట్టి "వర్క్‌షాప్ పెట్టాం, టెస్టింగ్ అయిపోయింది" అనుకోవద్దు. ఉత్తర యూరప్ దేశాల కోడ్‌రిఫైనరీ ప్రాజెక్ట్ 2016 నుంచి నడుస్తోంది. అందులో ఆటోమేటెడ్ టెస్టింగ్‌కు విడిగా పాఠమే ఉంది. టెస్టింగ్ కోసమే వర్క్‌షాప్ పెట్టాలనుకుంటే అది మంచి ఆధారం.

వర్క్‌షాప్ ఎక్కడ సరిపోతుందంటే, అరవై మందికి ఒకేసారి పరిచయం చేయాల్సి వచ్చినప్పుడు. రెండో రోజు మధ్యాహ్నం మొత్తం సొంత కోడ్‌కే వదిలేయండి. స్లైడ్లు తగ్గినా పర్వాలేదు.

## సెమిస్టర్ కోర్సు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. వాటిలో రెండు క్రెడిట్లు దీనికి కేటాయించగలిగితే గొప్ప విషయం. క్రెడిట్ ఉంటే హాజరు ఉంటుంది, గైడ్ కూడా "ల్యాబ్ పని మానేసి ఎక్కడికి" అని అడగరు.

అసలు ప్రమాదం సిలబస్‌లో ఉంది. కంప్యూటర్ సైన్స్ విభాగానికి అప్పగిస్తే వాళ్లు తమకు అలవాటైన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ సిలబస్సే తెస్తారు: బ్లాక్ బాక్స్, వైట్ బాక్స్ నిర్వచనాలు, గ్రాఫ్ కవరేజ్, పదిమార్కుల ప్రశ్నలు. అవి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు కావలసినవే. జన్యు శ్రేణులు చదివే స్క్రిప్ట్ రాస్తున్న బయాలజీ స్కాలర్‌కు వాటివల్ల ఒరిగేది తక్కువ. మీరు కోర్సే ఎంచుకుంటే రాత పరీక్ష వద్దు. తమ పరిశోధన కోడ్‌కు రాసిన టెస్టులు, అవి ఎందుకు రాశారో రెండు పేజీల వివరణ, వీటికే మార్కులు వేయండి.

ఇక్కడే ఇంకో మాట. టెస్టింగ్ అనగానే మనవాళ్లకు అమీర్‌పేట గుర్తొస్తుంది. "సెలీనియం కోర్సు చేయిస్తే పోలా" అని అడిగేవాళ్లు ఉన్నారు. సెలీనియం బ్రౌజర్‌లో వెబ్‌సైట్లను పరీక్షించే సాధనం. వర్షపాతం సగటు సరిగ్గా వచ్చిందో లేదో అది చెప్పలేదు. ఉద్యోగం కోసం ఆ కోర్సు మంచిదే, ఈ అవసరానికి కాదు.

## ఆన్‌లైన్‌లో సొంతంగా

దాదాపు రెండు వేలమంది శాస్త్రవేత్తలతో చేసి 2009లో ప్రచురించిన ఒక సర్వేలో, సాఫ్ట్‌వేర్ గురించి తమకు తెలిసినదాన్ని ఎక్కువగా సొంతంగానో తోటివాళ్ల దగ్గరో నేర్చుకున్నామని వాళ్లు చెప్పారు. అంటే ఈ దారి అందరూ నడిచేదే. పైథాన్, లైనక్స్ ప్రాథమికాంశాల దగ్గరే ఇంగ్లిష్ అడ్డొస్తున్నవాళ్లకు ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగు ఆడియోతో కూడా దొరుకుతాయి. అవి పునాదికి. టెస్టింగ్‌కు మాత్రం ఎవరో ఒకరితో మాట్లాడే అవకాశం కావాలి. "ఈ ఫంక్షన్‌కు ఏం టెస్ట్ రాయాలి" అన్న ప్రశ్నకు వీడియోలో జవాబు ఉండదు.

## ల్యాబ్‌లోనే క్లినిక్

నా ఓటు దీనికే.

నలుగురైదుగురు స్కాలర్లు, వారం విడిచి వారం, రెండు గంటలు. ప్రతిసారీ ఒకరు తమ స్క్రిప్ట్, దాన్నుంచి వచ్చిన ఒకే ఒక్క అంకె తీసుకొస్తారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ అంకె తప్పైతే నీకెలా తెలుస్తుంది?" దానికి వచ్చే జవాబుల నుంచే టెస్టులు పుడతాయి. "ఉష్ణోగ్రత ఇంతకు మించదు కదా" అంటారు, అది అసర్ట్. "పోయిన ఏడాది పేపర్‌లో ఈ అంకె వచ్చింది" అంటారు, అది పాత ఫలితంతో పోల్చే టెస్ట్. "ఫైళ్ల వరుస మారినా జవాబు మారకూడదు" అంటారు, విలోబీ–హోయ్ తప్పును పట్టుకునేది సరిగ్గా అదే. స్కాలర్లకు తమ సైన్స్ ముందే తెలుసు. దాన్ని కోడ్‌లో ఎలా రాయాలో చూపించడమే నేర్పేవాళ్ల పని.

ఇది ఆగిపోయేది చాలావరకు భయం దగ్గరే. తన కోడ్ నలుగురికీ చూపించాలంటే స్కాలర్‌కు టెన్షన్. ముఖ్యంగా తప్పు దొరికితే, ఆ తప్పు అచ్చయిన పేపర్‌లో ఉంటే ఏం జరుగుతుందోనని. అందుకే మూడు నియమాలు పెట్టమంటాను. వేరియబుల్ పేర్లు, ఇండెంటేషన్ గురించి ఎవరూ మాట్లాడకూడదు. మొదటి కొన్ని సమావేశాల్లో గైడ్ ఉండకూడదు. పాత పేపర్‌ను మార్చేంత తప్పు దొరికితే, ఆ సంగతి గైడ్‌కు ముందుగా చెప్పే హక్కు ఆ స్కాలర్‌దే. క్లినిక్ మొదలయ్యే ముందే గైడ్ అందరి ముందూ "తప్పు దొరికినందుకు ఎవరినీ ఏమీ అనను" అని చెప్తే ఇంకా మంచిది. ఆ మాట మీద నిలబడలేని గైడ్ ఉన్న చోట క్లినిక్ పెట్టకపోవడమే నయం. అక్కడ వర్క్‌షాపే మేలు.

పైథాన్ టెస్టులు నడిపే సాధనం పైటెస్ట్‌ను ఒకసారి బాగా వాడిన సీనియర్ ఒకరుంటే నడిపేయొచ్చు. లోటు ఏంటంటే, ఆ ఒక్కరూ థీసిస్ ఇచ్చేసి వెళ్లిపోతే క్లినిక్ కూడా వెళ్లిపోతుంది. ఇద్దరిని తయారు చేసుకోండి.

## పక్కన నిపుణుడు

బ్రిటన్‌లో 2012 నుంచి రిసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. శాస్త్రవేత్తల పక్కనే కూర్చుని కోడ్ రాయడం, సరిచేయడం వాళ్ల ఉద్యోగం. మన విశ్వవిద్యాలయాల్లో అలాంటి పోస్టు అరుదు. ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్న పూర్వ విద్యార్థిని పిలవచ్చు. హైదరాబాద్‌లో అలాంటివాళ్లకు కొదవలేదు. టెస్టులను గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఆటోమేటిక్‌గా నడిపించడం వాళ్లు చిటికెలో చూపిస్తారు. కానీ "సరైన ఫలితం ఏది" అన్నది వాళ్లకు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ చెప్తుంది. ఇక్కడ అది ఉండదు. కాబట్టి వాళ్లను సాధనాల కోసం పిలవండి, ఏం పరీక్షించాలన్నది మీరే చెప్పండి.

## ఏ టెస్ట్ ముందు నేర్పాలి

పద్ధతి ఎంచుకోవడం కన్నా ఇదే ఎక్కువ ఫలితం చూపిస్తుంది. చాలా పాఠాలు యూనిట్ టెస్ట్‌తో, అంటే ఒక్కో ఫంక్షన్‌ను విడిగా పరీక్షించడంతో, మొదలవుతాయి. పరిశోధకులకు నేను ఆ వరుస పాటించను.

| టెస్ట్ | నేర్వడం | పట్టుకునేది | పట్టుకోలేనిది |
|---|---|---|---|
| అసర్ట్ | అరగంట | అసాధ్యమైన విలువలు | నమ్మదగ్గట్టు ఉండే తప్పులు |
| పాత ఫలితంతో పోలిక | ఒక పూట | కోడ్ మార్చినప్పుడు వచ్చే తప్పులు | మొదటినుంచీ ఉన్న తప్పు |
| తెలిసిన జవాబుతో యూనిట్ టెస్ట్ | ఒక రోజు | ఫంక్షన్‌లోని లెక్క తప్పు | ఫంక్షన్ల మధ్య తేడాలు |
| మారకూడని సంబంధాలు | ఒక రోజు, ఆలోచన ఎక్కువ | జవాబు తెలియకపోయినా తర్కం తప్పు | రెండు వైపులా ఒకేలా ఉన్న తప్పు |
| గ్రిడ్ కన్వర్జెన్స్ | రెండు మూడు రోజులు | సంఖ్యా పద్ధతిని అమలు చేయడంలో తప్పు | తప్పు సమీకరణం ఎంచుకోవడం |

అసర్ట్‌తో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. భారత వాతావరణ శాఖ ఇచ్చే గ్రిడ్ డేటాలో విలువ లేని గడుల్లో వర్షపాతానికి -999, ఉష్ణోగ్రతకు 99.9 ఉంటుంది. కోస్తా సగటు తీస్తూ సముద్రం మీది గడి ఒకటి కలిపేశారనుకోండి. వర్షపాతమైతే సగటు మైనస్‌లోకి వెళ్తుంది, వెంటనే కనిపిస్తుంది. ఉష్ణోగ్రతైతే, 19 గడుల్లో 36 డిగ్రీలు ఉండి ఇరవయ్యోది 99.9 అయితే సగటు 39 దాటుతుంది. వేసవిలో మన దగ్గర 39 ఎవరికీ వింతగా అనిపించదు. అది నేరుగా పేపర్‌లోకి వెళ్తుంది. సగటు తీసేముందు "ఏ గడిలోనూ 55 దాటకూడదు" అని ఒక్క లైన్ ఉంటే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. మన దేశంలో నమోదైన అత్యధికం 2016 మేలో రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు కాబట్టి 55 గీత సబబైనదే. ఆ అసర్ట్‌కే "లీపు సంవత్సరం ఫైలులో 366 రోజులుండాలి" అన్నది జోడించండి. స్కాలర్ ఆ పూటే తన డేటాలో ఏదో ఒకటి కనుక్కుంటే, తర్వాత మీరు బతిమాలాల్సిన పని ఉండదు.

పాత ఫలితంతో పోల్చే టెస్ట్ రెండోది. ఫంక్షన్లు లేని పొడవాటి స్క్రిప్ట్‌ను ముక్కలు చేసే ముందు ఇది తప్పనిసరి. అయితే దీని పరిమితి గట్టిగా చెప్పాలి. చాంగ్ ల్యాబ్ ప్రోగ్రామ్‌కు ఇలాంటి టెస్ట్ ఉండి ఉంటే అది ఏళ్ల తరబడి పాస్ అవుతూనే ఉండేది, ఎందుకంటే ఆ తప్పు పాత ఫలితంలోనూ ఉంది. దాన్ని పట్టుకోగలిగింది నిర్మాణం ముందే తెలిసిన ప్రొటీన్ డేటాతో ప్రోగ్రామ్‌ను నడిపి చూడటం, అంటే పట్టికలో మూడోది.

నాలుగోదాన్ని నేను పరిశోధకులకు అసలైన టెస్టింగ్ అనుకుంటాను. సరైన జవాబు తెలియకపోయినా, ఇన్‌పుట్‌ను ఇలా మారిస్తే అవుట్‌పుట్ ఎలా మారాలో తెలుసు. డీఎన్ఏ శ్రేణిని రెండుసార్లు రివర్స్ కాంప్లిమెంట్ చేస్తే (తిప్పి రాసి, ప్రతి అక్షరానికీ దాని జత అక్షరం పెడితే) మొదటిదే రావాలి, జీసీ శాతం (జీ, సీ అక్షరాల వాటా) అసలు మారకూడదు. సెల్సియస్ బదులు కెల్విన్ ఇస్తే సగటు నుంచి తేడాలు అలాగే ఉండాలి. వాతావరణ స్టేషన్ల వరుస కలగాపులగం చేసినా వాటి విలువల కూడిక మారకూడదు. ఇవి చెప్పడానికి బయాలజిస్టు, వాతావరణ శాస్త్రవేత్తే కావాలి, టెస్టింగ్ నిపుణుడు అక్కర్లేదు. పైథాన్‌లో హైపోథసిస్ లైబ్రరీ ఇలాంటి సంబంధాలను వందలకొద్దీ యాదృచ్ఛిక ఇన్‌పుట్‌లతో తనే పరీక్షిస్తుంది.

ఐదోది, అంటే గ్రిడ్‌ను సన్నం చేస్తూ పొరపాటు ఎంత తగ్గుతుందో చూడటం, కంప్యూటర్‌లో సమీకరణాలు పరిష్కరించేవాళ్లకు మాత్రమే. రెండో ఆర్డర్ పద్ధతి అన్నప్పుడు గ్రిడ్ దూరం సగం చేస్తే పొరపాటు నాలుగోవంతు కావాలి. సగమే అయితే ఎక్కడో, చాలాసార్లు సరిహద్దు షరతుల దగ్గర, తప్పు ఉందన్నమాట.

వీటన్నిటికీ ముందు ఒక పది నిమిషాలు దశాంశాల గురించి చెప్పండి. 0.1, 0.2 కలిపితే కంప్యూటర్‌లో 0.30000000000000004 వస్తుంది. "సమానమా" అని అడిగితే కాదంటుంది, మొదటి టెస్టే ఫెయిలై స్కాలర్ విసుగెత్తిపోతాడు. ఎంత తేడాను ఒప్పుకోవాలో చెప్పాలి. పైటెస్ట్‌లోని అప్రాక్స్ మామూలుగా పది లక్షల్లో ఒక వంతు తేడా ఒప్పుకుంటుంది, పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలోని అసర్ట్ ఆల్‌క్లోజ్ కోటిలో ఒక వంతు. మీ కొలత పరికరానికే రెండు శాతం పొరపాటు ఉంటే ఆ గీత ఎక్కడ గీయాలో ఆలోచించడం కూడా పాఠమే.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఒంటరిగా ఉన్న స్కాలర్ అయితే కోడ్‌రిఫైనరీ పాఠం చదివి, పైన చెప్పిన వరుసలో ఈ వారమే ఒక అసర్ట్ రాయండి. వేరే ల్యాబ్‌లో అయినా సరే, ఒక తోడు వెతుక్కోండి.

నలుగురైదుగురు స్కాలర్లున్న గైడ్‌కు క్లినిక్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు.

విభాగాధిపతి అయితే ఒక వర్క్‌షాప్‌తో అందరికీ పరిచయం చేసి, అందులో ఆసక్తి చూపినవాళ్లతో క్లినిక్‌లు మొదలుపెట్టించండి. క్రెడిట్ కోర్సు రెండో ఏడాది ఆలోచించవచ్చు.

వాతావరణం, సముద్రం, పంటల అంచనాలు రోజూ విడుదల చేసే సంస్థలో ఉంటే లెక్క మారుతుంది. అక్కడ కోడ్ ఒక్కరిది కాదు, మనుషులు మారుతుంటారు. టెస్టులు ఆటోమేటిక్‌గా నడవాలి, దానికి జీతంతో ఒక మనిషి ఉండాలి. వర్క్‌షాప్‌ల మీద పెట్టే డబ్బు ఆ పోస్టు మీద పెట్టడం మేలు.

భాష గురించి ఎక్కువ తర్జనభర్జన వద్దు. ల్యాబ్ ఏది వాడితే అందులోనే నేర్పండి. ఆర్‌కు టెస్ట్‌దట్, ఫోర్ట్రాన్‌కు పీఎఫ్‌యూనిట్ ఉన్నాయి. మాట్‌ల్యాబ్, జూలియా టెస్టింగ్ సదుపాయంతోనే వస్తాయి. టెస్టింగ్ కోసం ఫోర్ట్రాన్ వాళ్లను పైథాన్‌కు మార్చాలని చూస్తే రెండూ పోతాయి.

ఏ దారి ఎంచుకున్నా మూడు నెలల తర్వాత ఒక పూట కేటాయించి చూడండి. హాజరు పట్టీ, ఫీడ్‌బ్యాక్ ఫారం పక్కన పెట్టండి. స్కాలర్ అనుమతితో వాళ్ల కోడ్ కాపీలో ఒక ప్లస్‌ను మైనస్ చేసి, లేదా ఒక కాలమ్ నంబర్ మార్చి, టెస్టులు నడపమనండి. ఏదో ఒకటి ఫెయిల్ అయితే మీ పద్ధతి పనిచేస్తోంది. అన్నీ పాస్ అయితే, ఆ మార్పును పట్టుకునే టెస్ట్ ఏమై ఉండాలో ఆ స్కాలర్‌తో కూర్చుని అప్పుడే రాయించండి.